వరదకి ఎత్తు, మోకాలికి పల్లం: డెల్టా ఊళ్ళలో పెద్దవాళ్ళకి తక్కువ ఖర్చుతో ఇల్లు అమర్చుకోవడం ఎలా

2021 కార్తీక మాసంలో ఒక తెల్లవారుజామున మా అమ్మ బాత్రూమ్ గుమ్మం దగ్గర పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆ బాత్రూమ్ నేనే దగ్గరుండి కట్టించాను. ఇరవై ఏళ్ళుగా అమలాపురం చుట్టుపక్కల ఇళ్ళ పనులు చేయిస్తున్నవాణ్ణి, మా అమ్మకి మాత్రం ఇంటి నేలకన్నా రెండు మెట్లు ఎత్తులో ఉన్న లెట్రిన్ కట్టించి పెట్టాను. మనవైపు అందరూ అలాగే కడతారు. నేలలో నీళ్ళు పైకే ఉంటాయి కాబట్టి సెప్టిక్ ట్యాంకు లోతుగా దించలేం, ట్యాంకు పైకి వస్తే దాంతోపాటు కమోడ్ కూడా పైకి వస్తుంది, కమోడ్ పైకి వస్తే దానికి మెట్లు వస్తాయి. నలభై ఏళ్ళవాడికి ఆ రెండు మెట్లు లెక్కలోకే రావు. డెబ్బై నాలుగేళ్ళ మనిషికి, చీకట్లో, నిద్రమత్తులో, బీపీ మాత్ర వేసుకుని లేచినప్పుడు అవే ప్రాణం మీదకి వస్తాయి.

అప్పటినుంచి ఎవరింటికి పనికి వెళ్ళినా ముందు ఆ ఇంట్లో పెద్దవాళ్ళు ఎలా తిరుగుతున్నారో చూస్తున్నాను. మా ఊళ్ళో సగానికి పైగా ఇళ్ళలో ఇప్పుడు ముసలివాళ్ళే ఉంటున్నారు. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కువైట్‌లోనో అమెరికాలోనో ఉంటారు, పొలం కౌలుకి ఇచ్చేస్తారు, ఇల్లు మాత్రం లంకంత ఉంటుంది. ఆ లంకంత ఇంట్లో అమ్మా నాన్నా వాడుకునేది వంటగది, ముందు వసారా, ఒక మంచం పట్టే చోటు, అంతే. సిటీలో పెద్దవాళ్ళ కోసం కడుతున్న గేటెడ్ ఫ్లాట్లు మనలాంటివాళ్ళకి అందే ధరలో లేవు, అందినా మనవాళ్ళు ఊరు వదిలి రారు. వాళ్ళకి కావలసింది ఉన్న ఊళ్ళోనే, తెలిసిన మనుషుల మధ్య, జారిపడకుండా బతకగలిగే ఒక గదీ బాత్రూమూ. అది తక్కువ డబ్బుతో కుదురుతుంది. ఎలాగో వరసగా చెప్తాను. కొత్తగా కట్టేవాళ్ళకీ, పాత ఇల్లు మార్చుకునేవాళ్ళకీ రెండిటికీ పనికొచ్చేలా రాస్తున్నాను.

మొదట ఒక పగలూ ఒక రాత్రీ ఊరికే చూడండి

పండక్కి వెళ్ళినప్పుడు మేస్త్రీని పిలవకముందే ఈ పని చేయండి. అమ్మ మంచం మీంచి లేచేటప్పుడు దేన్ని పట్టుకుంటోంది? గోడ మీద ఒకేచోట చేతి మరక పడి ఉంటే అక్కడ కమ్మీ కావాలని అర్థం, కొలతలు తీయక్కర్లేకుండా ఆ మరకే చెప్తుంది. నాన్న రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, లేచి ఎటు వెళ్తున్నారు, లైటు వేసుకుంటున్నారా, లేక "ఎందుకులే, కరెంటు దండగ" అని చీకట్లోనే తడుముకుంటూ వెళ్తున్నారా? పెరటి లెట్రిన్‌కి రాత్రిపూట వెళ్ళడమంటే మనవైపు జారుడొక్కటే కాదు, పాము భయం కూడా. వానాకాలంలో కట్లపాము, రక్తపింజర పెరట్లోకి రావడం ఎవరికీ కొత్త కాదు. ఆ భయంతో చాలామంది పెద్దవాళ్ళు సాయంత్రం ఆరు దాటాక మంచినీళ్ళు తాగడం మానేస్తారు. ఇది ఎవరూ పిల్లలకి చెప్పరు, మీరే కనిపెట్టాలి.

అడిగితే మాత్రం "నాకేం పర్లేదురా, నీ డబ్బులు తగలేయకు" అంటారు. మా అమ్మా అంతే. అందుకే అడగడం కంటే చూడడం మేలు. చూశాక మాత్రం వాళ్ళని కూర్చోబెట్టి అన్నీ చెప్పి ఒప్పించే చేయండి, వాళ్ళు ఊళ్ళో లేనప్పుడు గోడలు పగలగొట్టి మార్చేస్తే ఆ ఇల్లు వాళ్ళది కాకుండా పోతుంది. వాస్తు విషయం కూడా ముందే తేల్చుకోండి. గదికి ఆనుకుని లెట్రిన్ అంటే ఒప్పుకోని పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు, వాయవ్యం మూలన పెడదాం అంటే సాధారణంగా సరే అంటారు.

నీళ్ళ లెక్క తేల్చుకోండి

ఊళ్ళో వయసున్నవాళ్ళని అడగండి, 1986 ఆగస్టు వరదలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి, 2022 జూలైలో ఎక్కడిదాకా వచ్చాయి అని. 86లో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది, 2022లో పాతిక లక్షలు దాటింది. ఈ రెండు గుర్తులూ మీ స్థలంలో ఒక కొబ్బరిచెట్టు మీదో గోడ మీదో సుద్దతో గీసుకోండి. దానికి తోడు మామూలు వానాకాలపు ముంపు ఒకటుంటుంది. డ్రెయిన్లు పూడిపోయి ఏటా నాలుగు రోజులు వాకిట్లో నిలిచే నీళ్ళు ఏటి వరద కంటే ఎక్కువ ఇళ్ళని ఇబ్బంది పెడతాయి, దాని గుర్తు కూడా గీయండి.

ఏటిగట్టుకి లోపల, అంటే లంకలో ఉంటే నా మాట ఒక్కటే. పెద్దవాళ్ళ కోసం కొత్త ఇల్లు అక్కడ కట్టకండి. కనకాయలంక లాంటి చోట్ల కాజ్‌వే మునిగితే పడవ తప్ప దారి ఉండదు, గుండెనొప్పి వచ్చిన మనిషిని పడవ ఎక్కించడం ఎంత కష్టమో ఆ ఊళ్ళవాళ్ళకి తెలుసు. ఉన్న ఇల్లు ఉన్నట్టే ఉంచి, జూలై నుంచి సెప్టెంబర్ దాకా గట్టుకి బయట ఉన్న బంధువుల ఊళ్ళో ఒక గది ఏర్పాటు చేసుకోవడం నయం. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. ఇంట్లో నడవలేని మనిషి ఉంటే మొదటి హెచ్చరిక రాగానే తీసుకొచ్చేయండి. రెండో హెచ్చరికదాకా ఆగితే అందరూ ఒకేసారి బయల్దేరతారు, అప్పుడు మంచం మోసేవాళ్ళు దొరకరు.

బేస్‌మెంట్ ఎత్తు, ర్యాంపు

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. వరదకి ఎత్తు కావాలి, మోకాలికి పల్లం కావాలి. బయట రాష్ట్రాల్లో రాసిన ప్లాన్లు చూసి కడితే ఇల్లు నేలమట్టంగా పెడతారు, మొదటి వానకే నీళ్ళు లోపలికొస్తాయి. మన మేస్త్రీ అలవాటు ప్రకారం కడితే మూడడుగుల బేస్‌మెంటూ, నిటారుగా నాలుగు మెట్లూ పెడతాడు, రెండేళ్ళలో మనిషి ఇంట్లోంచి బయటికి రావడం మానేస్తాడు.

నేను చేసేదేమిటంటే, ఇంటిని కాకుండా స్థలాన్ని లేపుతాను. వాకిలి మొత్తాన్ని వీధి గుమ్మం నుంచి ఇంటిదాకా మెల్లగా ఏటవాలుగా మెరక చేయిస్తే సగం ఎత్తు అక్కడే కలిసిపోతుంది, నడిచే మనిషికి ఎక్కుతున్నట్టే తెలియదు. మిగిలిన ఎత్తుకి ర్యాంపు. ర్యాంపు లెక్క గుర్తుపెట్టుకోండి, ఒకటికి పన్నెండు. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు. అడుగున్నర ఎత్తుకి పద్దెనిమిది అడుగులు. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉన్న కొలత కూడా ఇదే. "పొడవు ఎక్కువైపోద్దండి, ఆరడుగుల్లో పెట్టేద్దాం" అని మేస్త్రీ అంటాడు, ఒప్పుకోకండి. ఆరడుగుల్లో అడుగున్నర ఎక్కే ర్యాంపు బైకు ఎక్కించుకోవడానికి పనికొస్తుంది, చేతికర్రతో దిగే మనిషిని మాత్రం ముందుకి తోసేస్తుంది.

అంత పొడవు ఎక్కడ పెట్టాలి అంటారా? ఇంటి పక్క సందులో ప్రహరీ గోడ వెంబడి పెట్టండి. గోడే ఒకవైపు ఆసరా అవుతుంది, రెండోవైపు రెండున్నర మూడడుగుల ఎత్తులో పైపు కమ్మీ వేస్తే చాలు. వెడల్పు కనీసం మూడడుగులు, వీలైతే నాలుగు. మూల తిరిగేచోట ఐదడుగుల చదరం బల్లపరుపుగా వదలండి, చక్రాల కుర్చీ తిరగాలన్నా, ఆయాసం వచ్చి కాసేపు నిలబడాలన్నా అది కావాలి. పాత మండువా ఇళ్ళకీ పెంకుటిళ్ళకీ ముందు అరుగు ఉంటుంది కదా, దాన్ని పగలగొట్టకండి, ర్యాంపుని తెచ్చి అరుగుకి కలిపితే ఆ బల్లపరుపు చోటు ఖర్చు లేకుండా వచ్చేస్తుంది. పైగా అరుగు మీద కూర్చుని వీధిలో వెళ్ళేవాళ్ళని పలకరించడం పెద్దవాళ్ళకి సగం బలం. గదిని ఎంత బాగా కట్టినా వీధి కనపడకపోతే వాళ్ళకి తోచదు.

ర్యాంపు పైన నున్నని టైల్స్ వద్దు. సిమెంటు గచ్చు మీద ఆరకముందే కొబ్బరి ఈనెల చీపురుతో అడ్డంగా గీతలు లాగిస్తే జారదు, పైసా ఖర్చు లేదు. వానాకాలం పాచి పడుతుంది, పదిహేను రోజులకోసారి బ్లీచింగ్ వేసి రుద్దించాలి. ఆ పని ఎవరు చేస్తారో ముందే అనుకోండి, ఎందుకంటే పాచి పట్టిన ర్యాంపు మెట్లకన్నా ప్రమాదం.

ర్యాంపుతో పాటు మెట్లు కూడా ఉంచండి, కొంతమందికి మోకాళ్ళ నొప్పి ఉన్నా మెట్లే సులువు. ఆరంగుళాల కన్నా ఎత్తు ఉండకూడదు, కాలు పూర్తిగా పట్టేలా పన్నెండంగుళాల వెడల్పు, ప్రతి మెట్టు అంచుకీ పసుపు రంగు పట్టీ. శుక్లాలు ఉన్న కళ్ళకి బూడిదరంగు మెట్టు మీద బూడిదరంగు మెట్టు విడిగా కనపడదు.

పునాది గురించి ఒక్క మాట. మన నల్లమట్టి ఎండాకాలం బీటలు తీస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది. లోపల ఇసుక పోసి, నీళ్ళు పెట్టి, దిమ్మిసతో గట్టిగా కొట్టించకుండా గచ్చు వేస్తే రెండేళ్ళలో నేల కుంగి టైలు అంచు పైకి లేస్తుంది. కాలిబొటనవేలు తగిలి పడేది ఆ పావంగుళం దగ్గరే. రాజోలు, అంతర్వేది వైపు సముద్రం దగ్గరున్నవాళ్ళు ఉప్పునీటి బోరుతో కాంక్రీటు కలపనివ్వకండి, లోపలి ఇనుము తుప్పు పట్టి శ్లాబు పెచ్చులూడుతుంది.

బాత్రూమ్

డబ్బు ఒక్కచోటే పెట్టగలిగితే ఇక్కడే పెట్టండి.

కొత్తగా కట్టేటప్పుడు మేస్త్రీలు ముందు ఇల్లు లేపి, సెప్టిక్ ట్యాంకు సంగతి చివర్లో చూస్తారు. మీరు తిరగేయండి. వానాకాలంలో మీ నూతిలో నీళ్ళు ఎంత పైకి వస్తాయో చూసి, ట్యాంకు ఎంత లోతు దించొచ్చో తేల్చి, దాని నుంచి కమోడ్ మట్టం ఎంత వస్తుందో లెక్కగట్టి, ఆ మట్టానికి ఇంటి నేలని పెట్టండి. అప్పుడు గదీ బాత్రూమూ ఒకే మట్టంలో ఉంటాయి, మెట్టు ఉండదు. మా ఇంట్లో నేను చేయని పని ఇదే. ట్యాంకు కమోడ్‌కి ఎంత దగ్గరుంటే పైపు వాలుకి అంత తక్కువ ఎత్తు ఖర్చవుతుంది, కాబట్టి బాత్రూమ్ గోడకి బయటే ట్యాంకు పెట్టుకోవచ్చు, తాగునీటి బోరుకి మాత్రం వీలైనంత దూరం పెట్టండి.

పాత ఇంట్లో లెట్రిన్ ఎత్తులో ఉండిపోతే రెండు దారులున్నాయి. పక్క గది నేలని లెట్రిన్ మట్టానికి లేపేయడం ఒకటి, పైకప్పు ఎత్తు ఉన్న ఇళ్ళలో ఇది తేలిక. రెండోది బాత్రూమ్ బయట ఎత్తయిన అరుగులాంటిది కట్టి దానికి వాలు ఇవ్వడం. మా అమ్మకి నేను మొదటిది చేశాను. ఇసుక, గచ్చు, కమోడ్, కమ్మీలు, కూలీతో కలిపి అప్పట్లో నాకు నలభై వేలలోపే అయింది, ఆపరేషన్‌కి అయినదాంతో పోలిస్తే అది ఒక లెక్కే కాదు.

లోపలి కొలతలు చెప్తాను, రాసుకోండి. గది ఆరడుగులు ఇంటూ ఎనిమిది ఉంటే పట్టుకుని సాయం చేసే మనిషికి కూడా చోటు ఉంటుంది. తలుపు మూడడుగుల వెడల్పు, బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపు వెనక మనిషి పడిపోతే తలుపు తోయలేం, పగలగొట్టాలి, అది నేను కళ్ళారా చూశాను. గొళ్ళెం బయట నుంచి కూడా తీయగలిగేది పెట్టండి. కమోడ్ కూర్చునే ఎత్తు నేల నుంచి పద్దెనిమిది పంతొమ్మిది అంగుళాలు ఉండాలి, షాపులో దొరికే మామూలు కమోడ్ ఇంకా కిందకి ఉంటే కింద చిన్న సిమెంటు దిమ్మ వేయించండి. కమోడ్‌కి పక్కన, నేల నుంచి రెండున్నర అడుగుల ఎత్తులో అడ్డంగా ఒక కమ్మీ, లేవడానికి ముందువైపు నిలువుగా ఇంకోటి. స్నానం చేసేచోట గోడకి ఇంకోటి.

కమ్మీ కొనేటప్పుడు 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ అడగండి, మన ఉప్పుగాలికి మామూలు ఇనుము ఏడాదిలో పొడైపోతుంది. టైలుకి అంటించే రబ్బరు బిళ్ళల హ్యాండిళ్ళు అసలు వద్దు. గోడలో డ్రిల్లు వేసి, ఇటుక దాకా బోల్టులు దించి, బిగించాక మీ బరువంతా వేసి వేలాడి చూడండి. తువ్వాలు కమ్మీని పట్టుకుని పడినవాళ్ళు చాలామంది ఉన్నారు, అందుకని దాన్ని కూడా గట్టిదే పెట్టించండి, పట్టుకోకూడదని చెప్పినా కాలు జారినప్పుడు చెయ్యి దానిమీదకే పోతుంది.

నేలకి గరుకు టైల్స్. షాపులోనే ఒక టైలు మీద నీళ్ళు పోసి, చెప్పులు విప్పి, నిలబడి కాలితో రుద్ది చూసి కొనండి. స్నానం చేసేచోట ప్లాస్టిక్ కుర్చీ వేయండి, పీట మీద కూర్చుని లేవడం ఎవరివల్లా కాదు. బకెట్ కూడా నేల మీద కాకుండా అడుగు ఎత్తు దిమ్మ మీద ఉంటే వంగక్కర్లేదు. చేతి షవర్ ఉంటే ఇంకా నయం.

గడప సంగతి

ఇది చాలామంది అడుగుతారు కాబట్టి విడిగా చెప్తున్నాను. "ఆయ్, గడప లేకపోతే అది ఇల్లెలా అవుద్దండీ" అని మా వడ్రంగి నాతో వాదించాడు. గడపకి పసుపు రాసి బొట్టు పెట్టే ఇంట్లో గడప తీసేయమని నేనూ అనను. సింహద్వారానికి గడప ఉంచండి, కానీ నేలలోకి దించి, అర అంగుళం మాత్రమే పైకి కనపడేలా, రెండువైపులా అంచు చెక్కించి పెట్టండి. పసుపూ బొట్టూ పడతాయి, కాలు తగలదు, చక్రం ఎక్కుతుంది. లోపలి గుమ్మాలకి, బాత్రూమ్‌కి గడపే వద్దు, నీళ్ళు గదిలోకి రాకుండా బాత్రూమ్ నేలకి లోపలివైపు వాలు ఇస్తే సరిపోతుంది. అన్ని గుమ్మాలూ మూడడుగులు ఉండాలి. కట్టేటప్పుడు రెండున్నరకీ మూడుకీ ఖర్చులో పెద్ద తేడా లేదు, కట్టాక మార్చాలంటే గోడ కొట్టాలి.

గది, గాలి, వెలుగు

మంచం ఎత్తు పద్దెనిమిది ఇరవై అంగుళాలు, కూర్చుంటే పాదాలు నేలకి ఆనాలి. సాగిపోయిన నులక మంచం తీసేయండి, లేవడానికి ఒంట్లో శక్తంతా అయిపోతుంది. స్విచ్చులు మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటే కూర్చున్నా అందుతాయి, వాకిట్లో నీళ్ళు వచ్చినా తడవవు. మంచం పక్క నుంచి బాత్రూమ్ దాకా దారిలో చిన్న ఎల్‌ఈడీ రాత్రంతా వెలగాలి, నెలకి అయ్యే కరెంటు ఖర్చు చాలా తక్కువని లెక్కవేసి వాళ్ళకే చూపించండి, లేకపోతే ఆపేస్తారు.

ఎండ గురించి తేలిగ్గా తీసుకోకండి. రోహిణి కార్తెలో శ్లాబు కింద, రేకుల కింద పెద్దవాళ్ళు పడే అవస్థ అంతా ఇంతా కాదు. శ్లాబు పైన ఏటా మార్చిలో తెల్ల సున్నం వేయించండి, ఎదురెదురుగా రెండు కిటికీలు ఉంచి దోమల మెష్ కొట్టించండి. పెంకుటిల్లు ఉంటే దాన్ని కూల్చి శ్లాబు వేయాలనే తొందర వద్దు, పెంకులు సర్దించి కింద బాత్రూమ్ మార్చుకోండి. ఇంటి మీదకి వాలిన కొబ్బరిచెట్లు మాత్రం తీసేయాల్సిందే, 1996 నవంబర్ 6 రాత్రి తుపాను చూసినవాళ్ళకి ఎందుకో చెప్పక్కర్లేదు.

డబ్బు ఎంత ఉంటే ఏం చేయాలి

చేతిలో ఐదు వేలే ఉంటే: రాత్రి లైట్లు, మంచం ఎత్తు సరిచేయడం, బాత్రూమ్‌లో రెండు కమ్మీలు, ప్లాస్టిక్ కుర్చీ, మెట్ల అంచులకి రంగు. ఒక్క రోజు పని. ఎక్కువ ఇళ్ళలో సగం ప్రమాదం దీంతోనే తగ్గుతుందని నా అనుభవం.

ముప్పై నలభై వేలుంటే బాత్రూమ్ మట్టం, కమోడ్, తలుపు. ఇంకొంచెం ఉంటే ర్యాంపు.

కొత్తగా కట్టేవాళ్ళకి నేను ఇచ్చే ప్లాను చాలా చిన్నది. లోపల పదహారడుగుల చదరం. అందులో పది ఇంటూ పదహారు ఒకే గది, మంచం, రెండు కుర్చీలు, దేవుడి గూడు అందులోనే. మిగిలిన ఆరడుగుల వెడల్పులో ముందు ఎనిమిది అడుగులు వంటిల్లు, వెనక ఎనిమిది అడుగులు బాత్రూమ్. ముందు ఆరడుగుల వసారా. సెంటున్నర స్థలంలో, అంటే 650 చదరపు అడుగుల్లో ఇది పడుతుంది, కాకపోతే ర్యాంపుకి ఒక పక్క సందు వదలాలి కాబట్టి ఇరుకుగా ఉంటుంది, రెండు సెంట్లుంటే హాయి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద మైదాన ప్రాంతంలో ఇంటికి 1.20 లక్షల సాయం, కనీస వైశాల్యం 25 చదరపు మీటర్లు. ఆ డబ్బుతోనే ఇల్లు పూర్తవదని అందరికీ తెలుసు. నేను చెప్పేది, ఆ సాయంతో కట్టుకునే ఇంట్లో కూడా గుమ్మం వెడల్పు, గడప, బాత్రూమ్ మట్టం మొదటే సరిగ్గా పెట్టుకుంటే అదనంగా అయ్యేది చాలా తక్కువ. ఇల్లు మంజూరైనవాళ్ళు గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌తో మార్కింగ్ వేసేరోజే ఇది మాట్లాడుకోండి.

పట్టణాల్లో ప్రభుత్వం పేదలకి కట్టించిన టిడ్కో ఫ్లాట్లు నాలుగు అంతస్తులవి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే కింది అంతస్తు కావాలని దరఖాస్తులోనే రాసి ఇవ్వండి. పట్టణ ఆవాస్ యోజన మార్గదర్శకాలు వృద్ధులకీ వికలాంగులకీ కింది అంతస్తులకే ప్రాధాన్యం ఇమ్మంటున్నాయి. నోటితో చెప్పి ఊరుకుంటే లాటరీలో మూడో అంతస్తు వస్తుంది, ఆ తర్వాత ఎవరితో మార్చుకుంటారు?

అద్దెకుండేవాళ్ళు, ముఖ్యంగా ఎన్టీఆర్ భరోసా పింఛను 4,000 మీదే నెట్టుకొచ్చేవాళ్ళు, ఓనరుని గోడకి రెండు కమ్మీలు బిగించనివ్వమని అడగండి, ఖాళీ చేసేటప్పుడు రంధ్రాలు పూడ్చి ఇస్తామంటే చాలామంది ఒప్పుకుంటారు. కింది వాటా, బాత్రూమ్ లోపలే ఉన్నది దొరికితే వంద రెండొందలు ఎక్కువైనా అదే తీసుకోండి.

కాగితాలు

ఇల్లు మార్చడానికి పిల్లలు డబ్బు పెడుతున్నారని వెంటనే ఆస్తి వాళ్ళ పేరున రాసేసే అలవాటు మనవైపు ఉంది. పెద్దవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, రాయాలనుకుంటే రాయండి, కానీ దస్తావేజులో రెండు వాక్యాలు ఉండి తీరాలి. బతికున్నంత కాలం ఆ ఇంట్లో ఉండే హక్కు మీదేననీ, మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు మీదే రాస్తున్నారనీ. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఆ షరతు తప్పితే రాసిన ఆస్తిని రద్దు చేయమని ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. 2022లో సుప్రీంకోర్టు ఒక కేసులో అలాంటి షరతు ఉన్నట్టు తేలకపోతే రద్దు కుదరదంది, 2025 జనవరిలో ఇంకో కేసులో ఈ చట్టాన్ని పెద్దవాళ్ళ పక్షాన ఉదారంగా చదవాలంది. కోర్టు ఎలా చూస్తుందో అన్న టెన్షన్ మనకెందుకు, రాసేటప్పుడే రాయించుకుంటే పోతుంది.

ట్రిబ్యునల్ అంటే మనకి ఆర్డీవో. అమలాపురం, రామచంద్రపురం, నర్సాపురం, భీమవరం వాళ్ళకి అక్కడే ఆఫీసు. లాయరు అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసి ఇవ్వొచ్చు. ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోతే 14567కి ఫోన్ చేయండి, అది వృద్ధుల కోసం పెట్టిన ఉచిత నంబరు, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది.

నలుగురు కలిసి కట్టుకుంటే

నాకు బాగా ఇష్టమైన ఆలోచన ఇది. ఒంటరిగా ఉన్న ఆరుగురు పెద్దవాళ్ళకి ఆరు ఇళ్ళు బాగుచేయడం కంటే, పది పన్నెండు సెంట్ల మెరక స్థలంలో మండువా లోగిలి పద్ధతిలో ఆరు గదులు కట్టి, ప్రతి గదికీ సొంత బాత్రూమ్, మధ్యలో అందరికీ ఒకటే వాకిలి, ఒకటే వంటిల్లు పెడితే ర్యాంపు ఒక్కటే, సెప్టిక్ ట్యాంకు ఒక్కటే, వంటమనిషి ఒక్కరే. పొద్దున్నే తలుపు తీయకపోతే పక్కగదివాళ్ళకి వెంటనే తెలుస్తుంది. దీన్ని వృద్ధాశ్రమం అనకండి, ఆ మాట వింటేనే మనవాళ్ళు ముడుచుకుపోతారు. ఎవరి గది వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది, పగలు కావాలంటే పాత ఇంటికి వెళ్ళి కొబ్బరికాయలు లెక్కపెట్టుకుని రావచ్చు.

స్థలం ఊరికి నడిమధ్య, గుడికో సెంటరుకో నడిచేంత దూరంలో ఉండాలి. ఊరి చివర పొలంలో ఎవరో దానమిచ్చారని కడితే ఎవరూ వెళ్ళరు. 108 వాహనం గేటు దాకా రాగలగాలి, కట్టకముందు ఒకసారి వ్యాను తెచ్చి తిప్పి చూడండి. నడపడానికి 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీ పెట్టుకోండి, అందులో ఉండబోయే పెద్దవాళ్ళు ఇద్దరైనా సభ్యులుగా ఉండాలి. విరాళాల దగ్గర జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై పంపేది పర్లేదు, అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపేది మాత్రం విదేశీ విరాళం కిందకి వస్తుంది, దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి లేకుండా సొసైటీ ఖాతాలో వేయించుకోకూడదు. మన ఊళ్ళలో మంచి మనసుతో మొదలుపెట్టిన పనులు ఇలాంటి దగ్గరే ఆగిపోతాయి. నెల ఖర్చు ఎవరు ఎంత ఇస్తారన్నది మొదటి ఇటుక పెట్టకముందే రాసుకోండి, కట్టడం కంటే నడపడం కష్టం.

పని అయ్యాక

మేస్త్రీకి చివరి డబ్బులు ఇచ్చేముందు ఒక రాత్రి మీరే ఆ గదిలో పడుకోండి. రెండింటికి అలారం పెట్టుకుని, కళ్ళజోడు లేకుండా, మెయిన్ లైటు వేయకుండా లేచి బాత్రూమ్‌కి వెళ్ళి రండి. తెల్లారాక నేలంతా నీళ్ళు పోసి, ఒక చేత్తో కర్ర పట్టుకుని, కమ్మీ అందుకుని కూర్చుని లేవండి. తలుపు గొళ్ళెం బయట నుంచి తీసి చూడండి. తర్వాత ఒక కుర్చీలో అమ్మని కూర్చోబెట్టి ఇద్దరు మోసుకుంటూ గది నుంచి వీధి గేటు దాకా తీసుకెళ్ళి చూడండి, ఎక్కడైనా గోడ తగిలితే అక్కడ స్ట్రెచర్ కూడా తిరగదు. తేడా ఉన్నచోట సుద్దతో గుర్తుపెట్టి, అదే రోజు మేస్త్రీని పిలిపించండి.